కొత్త సిలిండర్, పాత టెస్ట్ తేదీ: ఉంచుకోవచ్చా, వెనక్కి ఇచ్చేయాలా?

లోతునీళ్లు

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ అద్దె గాలి సిలిండర్లతోనే స్కూబా డైవ్ చేశాను. మొన్న మొదటిసారి సొంతంగా రెండు కొన్నాను. రెండూ ఏఎల్80 సైజువి, 3000 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) అల్యూమినియంవి. పెయింట్ మీద ఒక్క గీత లేదు, వాల్వ్ మూత కూడా తీయలేదు. ఇంటికొచ్చి తీరిగ్గా మెడ కింద స్టాంపులు చదివితే హైడ్రో (నీటి ఒత్తిడి పరీక్ష) తేదీ 26 నెలల కిందటిది! అమ్మినాయన్ని అడిగితే "కొత్తవేనండీ, అది తయారైన తేదీ" అన్నాడు. రెండేళ్లకు పైగా గోడౌన్‌లో పడి ఉంటే లోహం బలహీనపడదా? వెనక్కి ఇవ్వడానికి ఇంకా పది రోజులు గడువుంది. చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

నీలికెరటం

ముందు టెన్షన్ వదిలేయండి. ఆయన చెప్పింది అబద్ధమేం కాదు. ఫ్యాక్టరీలో ప్రతి సిలిండర్‌ని నీటి ఒత్తిడితో పరీక్షించాకే బయటికి పంపుతారు. ఆ నెల, ఆ సంవత్సరమే మొదటి స్టాంపు. అక్కడి నుంచి ఓడెక్కి, గోడౌన్ చేరి, షాపులో నిలబడేసరికి నెలలు గడిచిపోతాయి. ఆరు నెలల పాతవి మామూలే. 26 నెలలంటే కొంచెం ఎక్కువే, కానీ నేను కొన్నవాటిలో ఏడాదిన్నర పాతది ఉంది. ఇప్పటికీ దాన్నే వాడుతున్నాను.

ఇంకోసారి స్టాంపు చూడండి. ఒకే తేదీ ఉంటే అది ఫ్యాక్టరీదే. అమెరికా డీఓటీ (అక్కడి రవాణా శాఖ) ప్రమాణంతో చేసిన సిలిండర్ అయితే, తర్వాత చేసిన టెస్టుకి నెలకూ సంవత్సరానికీ మధ్య నాలుగు అక్షరాలు చదరంగా కొడతారు. అలాంటిది కనిపిస్తే మాత్రం అది ఎవరో వాడినదేమో అని గట్టిగా అడగాలి.

వాల్వ్‌పని

నేను సిలిండర్లు తనిఖీ చేసే పనిలో ఉన్నాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

అల్యూమినియం ఊరికే నిలబడి ఉన్నంత మాత్రాన ముసలిదైపోదు. దాన్ని అలసట పెట్టేది నింపడం, ఖాళీ చేయడం, ఎండలో మగ్గబెట్టడం, లోపలికి ఉప్పునీరు పోనివ్వడం. హైడ్రోలో ఏం చేస్తామంటే, సిలిండర్‌ని నీటితో నింపి, నీళ్లున్న ఇంకో తొట్టిలో మూసి, పని ఒత్తిడికి మూడింట ఐదు వంతులు ఎక్కిస్తాం. మీ 3000 పీఎస్ఐ సిలిండర్‌కి అది 5000. అప్పుడు ఎంత ఉబ్బిందో, ఒత్తిడి తీశాక ఎంత తిరిగి రాలేదో కొలుస్తాం. ఆ తిరిగి రాని భాగం మొత్తం ఉబ్బులో 10 శాతం దాటితే సిలిండర్ పనికిరాదు. ఒక్కసారీ నింపని సిలిండర్‌లో ఫ్యాక్టరీ నాటికీ ఈనాటికీ ఈ లెక్క మారడానికి కారణమే లేదు.

నన్ను ఆలోచింపజేసేది లోహం కాదు, లోపలి తడి. వాల్వ్ బిగించి, లోపల కాస్త ఒత్తిడి ఉంచి పంపారా, లేక ప్లాస్టిక్ మూత పెట్టి వదిలేశారా? మొదటిదైతే నిశ్చింత. వాల్వ్ కొంచెం తెరిచి చూడండి, బుస్సుమంటే మంచి గుర్తు. ఏమీ రాకపోతే వాల్వ్ విప్పించి లోపల లైటు వేసి చూపించమనండి. కొత్త సిలిండర్‌లో కూడా తయారీలో మిగిలిన పొడి, నూనె జాడ కనిపించిన సందర్భాలు నాకున్నాయి. ఎలాగూ విప్పారు కాబట్టి మెడ దగ్గర గాలి లీకవకుండా ఆపే రబ్బరు వలయం, అదే ఓ-రింగ్, మార్చేయమనండి.

గాలిబుడగ

వాల్వ్‌పని గారు చెప్పింది నాకు అనుభవమే. కాకపోతే నాది స్టీల్ సిలిండర్. దాదాపు మూడేళ్ల పాత స్టాంపుతో, "బాక్స్ కూడా విప్పలేదు" అని చెప్పి అమ్మారు. నేనూ నమ్మేశాను. మొదటి ఫిల్‌కి తీసుకెళ్తే అక్కడి అబ్బాయి వాల్వ్ విప్పి లైటు వేసి, ఏం మాట్లాడకుండా నన్ను పిలిచి చూపించాడు. అడుగంతా నారింజ రంగు పొడి. ఎక్కడో తడి చేరింది, అంతే.

అదృష్టం బాగుండి పైపొర తుప్పే, గుంటలు పడలేదు. లోపల రాళ్లలాంటి ముక్కలు వేసి గంటల తరబడి దొర్లించి శుభ్రం చేశారు. ఆ ఖర్చు అమ్మినవాళ్లే పెట్టుకునేదాకా ఫోన్లు చేస్తూనే ఉన్నాను. అప్పటి నుంచి డబ్బు ఇచ్చే ముందే లోపల చూస్తున్నాను.

స్టీల్ వాడేవాళ్లకి ఇంకో మాట. తడి ఉన్న సిలిండర్‌లో గాలి నింపి నెలల తరబడి వదిలేస్తే తుప్పు ఆ గాలిలోని ఆక్సిజన్‌ని తినేస్తుంది. మీటర్‌లో ఒత్తిడి నిండుగానే కనిపిస్తుంది, పీల్చే గాలి మాత్రం ప్రాణం తీస్తుంది. ఎప్పుడు నింపారో తెలియని పాత గాలిని దయచేసి పీల్చకండి. వదిలేసి కొత్తగా నింపించుకోండి.

పగడపుదిబ్బ

సిలిండర్ మంచిదే అయినా, అమ్మినాయన ఒక్క విషయం చెప్పలేదు. హైడ్రో మళ్లీ చేయించాల్సిన ఐదేళ్ల గడువు మీరు కొన్న రోజు నుంచి కాదు, స్టాంపు కొట్టిన నెల నుంచి లెక్క. 60 నెలల్లో 26 పోయాయి, 34 మిగిలాయి. అంటే హైడ్రో గడువులో 43 శాతం మీరు వాడకుండానే అయిపోయింది. ఒక హైడ్రోకి మీ దగ్గర ఎంత తీసుకుంటారో కనుక్కుని, అందులో 43 శాతం, రెండు సిలిండర్లకి తగ్గించమని అడగండి. పెద్ద మొత్తమేం కాదు. ఈ లెక్క ముందు పెడితే బేరం గొడవ కాదు, చాలామంది వెంటనే ఒప్పుకుంటారు.

లేదంటే కొత్తగా హైడ్రో చేయించి ఇమ్మనండి. నాకైతే తగ్గింపే నచ్చుతుంది. హైడ్రో అంటే లోపల నీళ్లు పోయడమే కదా, సరిగ్గా ఆరబెట్టకపోతే కొత్త తలనొప్పి.

తీరందాటి

మీరు ఏ దేశంలో నింపించుకుంటారో చూసుకోండి. బ్రిటన్‌లో హైడ్రో ఐదేళ్లకే అయినా, మధ్యలో రెండున్నరేళ్లకి లోపలి తనిఖీ తప్పనిసరి. అక్కడైతే 26 నెలల స్టాంపుకి మిగిలేది నాలుగు నెలలే! నేను సరిగ్గా ఇక్కడే దెబ్బతిన్నాను. కొత్త సిలిండర్, రెండో ట్రిప్‌కే ఫిల్ చేయం అన్నారు. తప్పు వాళ్లది కాదు, స్టాంపు చదవని నాదే. ఆ వారమంతా అద్దె సిలిండర్లతో గడిచింది.

అమెరికా నిబంధనలో గడువు దాటితే నింపకూడదు. గడువు లోపల నింపిన గాలిని మాత్రం తర్వాత వాడుకోవచ్చు.

లోతునీళ్లు

అందరికీ చాలా థాంక్స్. ఈరోజు వెళ్లొచ్చాను. రెండింటికీ ఒకే తేదీ ఉంది, నాలుగు అక్షరాల చదరం లేదు. ఒకదాన్ని తెరిస్తే బుస్సుమంది, రెండోదాంట్లో ఏమీ రాలేదు. రెండూ విప్పించాను. లోపల శుభ్రంగా ఉన్నాయి, రెండోదాని ఓ-రింగ్ మాత్రం ఎండిపోయినట్టుంది, రెండింటికీ మార్చారు. పగడపుదిబ్బ గారి లెక్క కాగితం మీద రాసి చూపిస్తే, కాసేపు ఆలోచించి తగ్గించారు. తనిఖీ స్టిక్కర్ కూడా ఈ నెలతో వేశారు. ఉంచుకుంటున్నాను.

కొత్తడైవర్

నాదీ ఇలాంటి ప్రశ్నే. ఒకాయన దగ్గర అల్యూమినియం సిలిండర్ ఉంది, లక్స్‌ఫర్ కంపెనీది, అమెరికాలో చేసింది. ఒక్కసారీ వాడలేదట, ఊరికే ఇస్తానంటున్నారు. స్టాంపు 1986. వాడనిదైతే పర్లేదు కదా?

వాల్వ్‌పని

తమ్ముడూ, పైన నేను రాసిన మాట దీనికి వర్తించదు. లక్స్‌ఫర్ అమెరికాలో 1988 దాకా 6351 అనే మిశ్రమ లోహం వాడింది, ఆ తర్వాత 6061కి మారింది. ఆ పాత లోహంలో మెడ దగ్గర మెల్లగా చీలికలు పెరుగుతాయి. ఒత్తిడితో నిలబడి ఉంటే చాలు, డైవ్ చేయక్కర్లేదు. "వాడలేదు" అంటే నిండుగా ఉంచి వదిలేశారా, ఖాళీగానా అని ఎవరు చెప్పగలరు? హైడ్రో ఒక్కటే సరిపోదు, మెడ మరలకి ఎడ్డీ కరెంట్ పరీక్ష (విద్యుత్తుతో చీలికలు వెతికేది) కూడా చేయాలి. అవన్నీ పాసైనా చాలాచోట్ల దాన్ని నింపరు. ఊరికే ఇచ్చినా తీసుకోకు. ఇప్పుడు అందులో గాలి ఉంటే నెమ్మదిగా వదిలేయమని ఆయనకి ఈరోజే చెప్పు.