పై ఇంటి వాననీటిని కింది ఇల్లు భరించవలసిందేనా?

పల్లపువీధి: విశాఖ మధురవాడలో కొండవాలున ఉంది మా ఇల్లు. ఎగువ ఇంటివారు పెరడంతా సిమెంటు చప్టా చేయించి, మేడమీది నీటిని గొట్టంతో మా ప్రహరీ మొదట్లోకి వదిలారు. ఎర్రమట్టి కొట్టుకుపోయి పునాది రాళ్లు బయటపడ్డాయి. అడిగితే ‘నీరు పల్లమెరుగు’ అన్నారు.

మెట్టప్లాటు: చట్టమూ అదే చెబుతుంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల (పొరుగు స్థలంపై ఉండే వాడుక హక్కుల) చట్టం 7వ సెక్షన్ ప్రకారం మెట్టన కురిసిన వాన సహజంగా పారి వస్తే పల్లపువారు అడ్డుకోరాదు.

సీతమ్మధార వాసి: ఇంకుడు గుంత తవ్వించమనండి, గొడవే ఉండదు.

పల్లపువీధి: ‘సహజంగా’ అన్న మాటను తమరు దాటవేస్తున్నారు. ఆ సెక్షన్ చెప్పేది నిర్ణీత కాలువ లేకుండా నేలమీద దానంతటది పారే నీటి గురించి. మేడమీద పోగుచేసి ఒక్కచోట ధారగా కుమ్మరించే హక్కు కావాలంటే, 15వ సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు బాహాటంగా, అడ్డంకి లేకుండా అనుభవించి ఉండాలి. ఈ గొట్టం మొన్నమొన్నటిది.

మెట్టప్లాటు: మీరు గొట్టాన్నే పట్టుకున్నారు. ఆరిలోవలో మా కిందివారు ప్రహరీ అడుగున ఉన్న తూములను ఇటుకలతో మూసేస్తే, నా పెరట్లో నీరు నిలిచి మోటారు కాలిపోయింది. ఆ నష్టం ఎవరిచ్చారు?

సీతమ్మధార వాసి: అందుకే ఇంకుడు గుంత అంటున్నాను.

గాజువాక మేస్త్రి: గుంత మంచిదే, కానీ లెక్క చూడండి. 100 చదరపు మీటర్ల మేడమీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. మీటరు లోతు, మీటరు చదరం గుంతలో పట్టేది 1,000 లీటర్లు, కంకర నింపితే ఇంకా తక్కువ. అక్టోబరు తుఫానుకు నేల ముందే నాని ఉంటుంది గనుక గుంత పొంగి నీరు మళ్లీ గోడకే వస్తుంది. పొంగిన నీటిని సందులో కాలువ కట్టి, పది మీటర్లకు పది సెంటీమీటర్ల వాలుతో వీధి కాలువకు చేర్చాలి. మలుపు దగ్గర మట్టి దిగే తొట్టె ఉండాలి, లేకపోతే మొదటి వానకే పూడిపోతుంది.

పల్లపువీధి: బాగుంది. ఆ కాలువ ఎవరి సందులో?

మెట్టప్లాటు: ఇప్పుడు బయటపడ్డారు! ఇంతసేపూ చట్టం, గొట్టం అని ఊదరగొట్టి, చివరికి మీకు కావలసింది పైవారి స్థలం. మా కిందివారూ ఇంతే.

పల్లపువీధి: నీరు వారిది, స్థలం మాత్రం నాదా? నా సందులో మనిషి అడ్డంగా తిరిగితేనే నడవగలడు. వారి చప్టా హద్దు దాటి వచ్చిందేమోనన్న అనుమానం నాకు మొదటినుంచీ ఉంది.

గాజువాక మేస్త్రి: అయితే అసలు తగవు హద్దుది. ముందు సర్వే చేయించండి, తర్వాత రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌కు వెళ్లండి. అక్కడ కోర్టు ఫీజు ఉండదు, ఇరువురూ ఒప్పుకొన్న అవార్డు, అంటే రాజీ తీర్పు, కోర్టు డిక్రీతో సమానం.

మెట్టప్లాటు: వెళ్లనివ్వండి. సర్వే ఖర్చు మాత్రం అనుమానపడినవారే పెట్టుకోవాలి.

పల్లపువీధి: పెట్టుకుంటాను. హద్దు దాటినట్టు తేలితే చప్టా పగలగొట్టే ఖర్చు ఎవరిదో, అదీ తమరే సెలవియ్యండి.