యూపీఐ పేమెంట్‌కి వెళ్లొచ్చేసరికి కార్ట్ ఖాళీ అయిపోతోంది (ఫ్లట్టర్, ప్రొవైడర్)

మా వీధిలో పచ్చళ్ల షాపు కోసం ఫ్లట్టర్‌లో (మొబైల్ యాప్‌లు రాసే టూల్‌కిట్) చిన్న ఆర్డర్ యాప్ చేస్తున్నాను. కార్ట్, లాగిన్ అయిన యూజర్, డెలివరీ అడ్రస్, ఈ మూడూ ప్రతి స్క్రీన్‌లోనూ కావాలి కాబట్టి యాప్ మొత్తాన్నీ చుట్టే మెటీరియల్‌యాప్ విడ్జెట్ పైన, డేటాని అన్ని స్క్రీన్లకీ అందించే ప్రొవైడర్ ప్యాకేజీలోని మల్టీప్రొవైడర్ పెట్టి ఒక్కోదానికి ఒక్కో ఛేంజ్‌నోటిఫయర్ (డేటాని పట్టుకుని, అది మారినప్పుడు స్క్రీన్లకి చెప్పే క్లాస్) రాశాను. నా ఫోన్‌లో ఏ ఇబ్బందీ లేదు.

షాపాయన ఫోన్ మాత్రం పాతది, ర్యామ్ 2 జీబీయే. ఆయన అరకేజీ ఆవకాయ, పావుకేజీ గోంగూర కార్ట్‌లో వేసి, పే నొక్కి, యూపీఐ యాప్‌లోకి వెళ్లి పిన్ కొట్టి తిరిగొచ్చేలోపు ఆండ్రాయిడ్ వెనకాల నా యాప్ ప్రాసెస్‌ని చంపేస్తోంది, యాప్ మళ్లీ మొదటి నుంచి లేస్తోంది, కార్ట్ సున్నా. డబ్బు మాత్రం కట్ అయ్యింది! ఆయన మొహం చూడలేకపోయాను.

మెమరీలో ఉన్నది ప్రాసెస్‌తో పాటే పోతుందని ఇప్పుడు అర్థమైంది. రివర్‌పాడ్‌కి (ప్రొవైడర్ లాంటిదే ఇంకో ప్యాకేజీ) మారమని ఒక ఫ్రెండ్ అన్నాడు, కానీ అదీ మెమరీయే కదా, దాంతో ఏం మారుతుంది?

కార్ట్ మారిన ప్రతిసారీ షేర్డ్ ప్రిఫరెన్సెస్‌లో (ఫోన్‌లో చిన్న చిన్న డేటా దాచుకునే చోటు) జేసన్ టెక్స్ట్‌గా రాసేయనా, లేక ఎస్‌క్యూలైట్ (ఫోన్‌లోనే ఉండే చిన్న డేటాబేస్) పెట్టనా? పే నొక్కగానే ముందు సర్వర్‌లో పెండింగ్ ఆర్డర్ సృష్టించి, యాప్ తెరిచినప్పుడల్లా దాని స్టేటస్ అడగడమే సరైనదని నాకనిపిస్తోంది, అలా చేసినవాళ్లెవరైనా ఉన్నారా? లాగౌట్ అయినప్పుడు మూడు నోటిఫయర్లనీ ఒకేసారి ఖాళీ చేయడం ఎలాగో కూడా చెప్పండి, ఇప్పుడైతే ఒక్కోదాన్నీ చేత్తో క్లియర్ చేస్తున్నా, మొన్న అడ్రస్ మర్చిపోయా.