ఇటలీ కోడిచే ఫిస్కాలే (అక్కడి పన్ను నంబరు): పుట్టిన తేదీ 14 బదులు 54 వస్తోంది, ఎంబసీకి రాయాలా?

బైరాగిపట్టెడ నాన్న:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా పాపకి ఇటలీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. స్కాలర్‌షిప్ ఫారంలో 'కోడిచే ఫిస్కాలే' అని ఒక గడి ఉంది, అది నింపకుండా ముందుకు పోవడం లేదు. "ఎంబసీ నుంచి తెప్పించాలి అంకుల్, ఎనిమిది వేలు అవుద్ది" అంటున్నాడు మా కన్సల్టెన్సీ అబ్బాయి. నేనే ఒక సైట్‌లో పాప పేరు, పుట్టిన తేదీ కొడితే నంబరు టక్కున వచ్చేసింది. కానీ పాప పుట్టింది జూన్ 14న, అందులో 54 అని ఉంది! దాన్ని వాడేయొచ్చా? లేక ఢిల్లీ దాకా పోవాల్నా? వీసా ముందర టెన్షన్‌గా ఉంది.

చిత్తూరమ్మాయి, పాదువా:
అంకుల్, 54 కరెక్టే. ఆడపిల్లలకు పుట్టిన తేదీకి 40 కలుపుతారు. నా నంబరు చూసి మా అమ్మ కూడా ఇట్లే గాబరా పడింది. 16 అక్షరాలూ లెక్క ప్రకారం వచ్చేవే. ఉదాహరణకు ఇంటిపేరు రెడ్డి, పేరు లావణ్య, పుట్టింది 2003 జూన్ 14 అనుకోండి. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లోని హల్లులు మూడేసి తీసుకుంటే ఆర్‌డీడీ, ఎల్‌ఎన్‌వై (ఇంటిపేరులో మొదటి మూడు; పేరులో నాలుగు హల్లులుంటే రెండోది వదిలేస్తారు). తర్వాత 03, జూన్‌కు హెచ్, ఆపైన 54. ఆ తర్వాత జెడ్222, అంటే ఇండియా. తిరుపతిలో పుట్టినా ఢిల్లీలో పుట్టినా అదే. చివర ఒక చెక్ అక్షరం.

అయితే సైట్‌లో వచ్చింది ఉత్త లెక్క. ఇటలీ పన్నుల శాఖ రికార్డులో ఎక్కితేనే అది నంబరు. ఇద్దరికి ఒకే కోడ్ పడితే అంకెల బదులు అక్షరాలు పెట్టి మారుస్తారు, అది ఆ సైట్‌కి ఎట్లా తెలుస్తుంది? కాబట్టి ఎంబసీ లేదా కాన్సులేట్ ద్వారానే తీసుకోండి. మన ఏపీ ఏ ఆఫీసు కిందకు వస్తుందో వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఏఏ4/8 ఫారం నింపి, పాప సంతకం పెట్టించి, పాస్‌పోర్టు కాపీతో నేనైతే ఈమెయిల్‌లోనే పంపాను. కారణం దగ్గర చదువు అని రాయండి. నంబరు ఉచితం. ఎనిమిది వేలు దేనికో ఆ అబ్బాయినే అడగండి 😀

పలమనేరు అన్న, తొరీనో:
స్కాలర్‌షిప్ లేకపోతే ఇంత హడావిడి అక్కర్లేదు. నేను వచ్చాకే ఇక్కడి పన్నుల ఆఫీసులో తీసుకున్నా. కానీ ఇల్లు అద్దెకైనా, బ్యాంకు ఖాతాకైనా మొదట అడిగేది ఇదే. చేతిలో పెట్టుకుని వస్తే సుఖం.

బైరాగిపట్టెడ నాన్న:
చాలా థాంక్స్ అమ్మా, మీకూ బాబూ. ఇంకొకటి. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుంది, పాస్‌పోర్టులో వేరే గడిలో ఉంది. ఏది రాయాలి?

చిత్తూరమ్మాయి, పాదువా:
పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముంటే అదే రాయండి అంకుల్. అటూ ఇటూ అయితే కోడే మారిపోతుంది. పైన చెప్పిన ఆర్‌డీడీ ఎల్‌ఎన్‌వై కాస్తా ఎల్‌వీఎన్ ఆర్‌డీవై అవుతుంది. యూనివర్సిటీ దరఖాస్తులో ఎలా ఇచ్చారో కూడా ఇవాళే చూడండి. అక్కడ తేడా ఉంటే ముందు దాన్ని సరిచేయించి, తర్వాత కాన్సులేట్‌కు పంపండి.