అప్‌డేట్: ఇందిరానగర్ రామెన్ రెస్టారెంట్‌కు మళ్లీ వెళ్లి వచ్చాను

బెంగళూరు ఇందిరానగర్‌లో రామెన్ (సూప్‌లో వడ్డించే జపనీస్ నూడుల్స్)కు బాగా పేరున్న ఒక రెస్టారెంట్‌లో సూప్ గోరువెచ్చగా, నూడుల్స్ మెత్తగా వచ్చాయని, మళ్లీ వెళ్లవచ్చా అని ఇంతకుముందు అడిగాను. వారాంతపు రద్దీ వల్ల అలా జరిగి ఉంటుందనీ, మామూలు రోజున తెరిచిన వేళకే వెళ్లమనీ పలువురు సూచించారు. వారందరికీ కృతజ్ఞతలు.

మా అక్కతో కలిసి మంగళవారం మధ్యాహ్నం వెళ్లాను; సగం బల్లలు ఖాళీగానే ఉన్నాయి. సూప్ ఈసారి వేడిగానే ఉంది గానీ, పంది ఎముకలను గంటల తరబడి పెద్ద మంట మీద మరిగించినప్పుడు కొవ్వు, జెలటిన్ కలిసి పాలలా తెల్లబడే టొంకొట్సు సూప్‌కు ఉండవలసిన చిక్కదనం, పెదవులకు అంటుకునే జిగురు అందులో ఏ మాత్రం లేవు. ఉప్పు మాత్రం ఎక్కువైంది. క్షార లవణాలు కలిపిన పిండితో చేసే రామెన్ నూడుల్స్ పంటి కింద కాస్త సాగుతూ, బిగువుగా ఉండాలి. గిన్నె బల్ల మీదికి వచ్చిన వెంటనే తిన్నా అవి ముద్దగానే ఉన్నాయంటే, లోపం వడ్డనలో కాదు, ఉడకబెట్టడంలోనే ఉందని నా అభిప్రాయం. సోయా సాస్‌లో ఊరిన గుడ్డులో సొన గట్టిపడిపోయింది.

మేనేజర్ మర్యాదగా విని గుడ్డు మార్చి ఇచ్చారు, నూడుల్స్ గురించి ఏమీ చెప్పలేదు. ఆ ధరకు అక్కడికి ఇక వెళ్లను.