సమస్యాపూరణం: తాళ్ళ నానుకొన్న వాళ్ళె జెట్లు

మైలాపూరు (నిర్వహణ):
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

తాళ్ళ నానుకొన్న వాళ్ళె జెట్లు

అంశం: గట్టి ప్రత్యర్థిని తప్పించుకోని బాక్సింగ్ ఛాంపియన్లు. తాళ్ళకి ఒరిగినవాడి పని అయిపోయిందనే చూసేవాళ్ళు అనుకుంటారు, మెలిక అక్కడే ఉంది. ఐదూ హగణాలే (గురువు, లఘువు). 'తా'కి 'వా'తో యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి) కుదరదు, ఇక్కడ తాళ్ళ-వాళ్ళె ప్రాసయతి, అంటే రెండో అక్షరాల పొత్తు. వ్యావహారికం నచ్చక 'వారె' అని దిద్దితే అదీ పోతుంది, దిద్దకండి. వీరుడు శూరుడు అంటూ పాదం నింపితే లాభం లేదు. ఏ బౌటో (పోటీయో) చదివినవాడికి తెలియాలి.

పెరంబూరు:
నలుబదింట నెగ్గి నడచిన ఫోర్మను
కొట్టి కొట్టి డస్సెఁ గూల్చె నాలి
మోముఁ గాచికొనుచు మోచేతు లడ్డుగ
తాళ్ళ నానుకొన్న వాళ్ళె జెట్లు

వ్యాసర్పాడి:
లెక్క సరే. 1974 అక్టోబరు 30న మహ్మద్ అలీతో బౌట్‌కి కిన్షాసా వచ్చేసరికి హెవీవెయిట్ ఛాంపియన్ ఫోర్మన్ 40కి 40 గెలిచినవాడు, అందులో 37 నాకౌట్లు. అంతకన్నా ముఖ్యం: అప్పటికి అలీని ఓడించినవాళ్ళు ఇద్దరే, ఫ్రేజియర్, నార్టన్. ఆ ఇద్దరినీ ఫోర్మన్ రెండేసి రౌండ్లలో ముగించాడు. కింగ్‌స్టన్‌లో ఫ్రేజియర్‌ని ఆరుసార్లు కింద పడేశాడు. అయినా అలీ వెళ్ళి నిలబడ్డాడు. అంశానికి ఇంతకన్నా సరిపోయే బౌట్ దొరకదు.

మూడో పాదం తెలిసి రాసిందే. ముంజేతులు నిలువుగా, గ్లవ్స్ కణతల దగ్గర, మోచేతులు డొక్కలకి ఆనించి, నడుము పై భాగాన్ని తాళ్ళ మీదుగా వెనక్కి వంచితే తల అవతలివాడి చేతికి అందదు. ఒంటికి తగిలిన దెబ్బ ఊపు కొంత తాడు సాగి మింగేస్తుంది. అక్కడ తాళ్ళు వదులుగా ఉండడం కూడా కలిసొచ్చింది. ఊరికే కాచుకున్నాడనుకోవద్దు. మధ్యమధ్య స్ట్రెయిట్ రైట్‌లు వేశాడు, దగ్గరికొస్తే మెడ పట్టి కిందికి నొక్కాడు. ఆ బరువు మోసీ మోసీ, గాల్లోకి విసిరీ విసిరీ ఎనిమిదో రౌండుకి ఫోర్మన్ చేతులు వాలిపోయాయి. మన పిల్లలు జిమ్‌లో దీన్ని చూసి బిగుతు తాళ్ళ మీద చేస్తే వెనక్కి వంగే చోటు ఉండదు, మోచెయ్యి కాస్త ఎత్తగానే కాలేయం మీద హుక్ (పక్కనుంచి వంపు దెబ్బ) పడుతుంది.

మైలాపూరు:
గణాలు, యతులు బాగున్నాయి. కానీ 'కూల్చె నాలి' అని విరిచి చదివితే ఫోర్మన్‌ని వాళ్ళావిడ పడగొట్టినట్టుంది!

పెరంబూరు:
నిజమేనండోయ్. రెండు, మూడు పాదాలు మారుస్తున్నా:

కొట్టి కొట్టి డస్సి కూలిపోయె
మహ్మదాలి వేసె మంచి యెత్తదె చూడు

వ్యాసర్పాడి:
పేరు నిలబడింది, మోచేతులు పోయాయి. నాకైతే పాతదే ఇష్టం.

తాంబరం:
మనిల యెండలోనఁ బదునాల్గు రౌండ్లాడి... మొదటి పాదం ఇలా ఎత్తుకున్నాను, యతి సరేనా?

మైలాపూరు:
సరికాదు. పవర్గంతో 'ము'కి చెల్లుతుంది గాని 'మ'కి చెల్లదు. పైగా ఎండేమిటి? 1975 అక్టోబరు 1న అలీ-ఫ్రేజియర్ మూడో బౌట్ జరిగింది పైకప్పున్న హాల్లో. పొద్దున పదిన్నర దాటాక మొదలైంది, లోపల ఉక్కపోత. 'పగటి వేడిలోనఁ బదునాల్గు రౌండ్లాడి' అనండి. యతి, సంగతి రెండూ కుదురుతాయి. పదిహేనో రౌండుకి ఫ్రేజియర్‌ని కోచ్ ఎడ్డీ ఫచ్ లేవనివ్వలేదు, రెండో పాదం అక్కడికి తీసుకెళ్ళండి.

రాయపురం:
ఆఱు మార్లు జగతి నగ్రయై నిల్చిన
మేరికోముఁ బిలిచె మెఱపు నిఖతు
ఓడి నేర్చి పిదప నొందె బంగారము
తాళ్ళ నానుకొన్న వాళ్ళె జెట్లు

వ్యాసర్పాడి:
మన నిజామాబాదు అమ్మాయి రావడం సంతోషం. సంగతులూ సరైనవే. 2019లో ఒలింపిక్ క్వాలిఫయర్‌కి 51 కిలోల ట్రయల్ (ఎంపిక పోటీ) పెట్టమని నిఖత్ జరీనే అడిగింది. డిసెంబరు 28న 9-1తో మేరీకోమ్ గెలిచింది. 2022లో ఇస్తాంబుల్‌లో నిఖత్ 52 కిలోల ప్రపంచ ఛాంపియన్ అయింది. 2024 పారిస్‌ని ఇందులోకి తేకపోవడం కూడా మంచిదే. సీడింగ్ (ముందస్తు ర్యాంకు) లేక రెండో బౌట్‌లోనే టాప్ సీడ్ వు యు తగలడం డ్రా (ఎవరికి ఎవరని తీసే చీటీ) తెచ్చిపెట్టింది, మేరీకోమ్‌తో బౌట్ మాత్రం కోరి తెచ్చుకున్నది. కానీ పూరణలో తాళ్ళెక్కడ? మూడో పాదానికీ నాలుగోదానికీ చుట్టరికమే లేదు.

మైలాపూరు:
రెండో పాదం చివర 'నిఖతు', వెంటనే 'ఓడి', విసంధి (సంధి చేయకపోవడం) కూడా. మూడో పాదం ఇలా చూడండి:

మూలఁ జిక్కియైన మొనగాళ్ళ వెదకియె

మూ-మొ యతి చెల్లింది, 'జిక్కి'తో తాళ్ళకి దారి దొరికింది.

వ్యాసర్పాడి:
ఇది బాగుంది. అమెచ్యూర్‌లో మూడేసి నిమిషాలవి మూడే రౌండ్లు. మూలలో కాచుకుంటూ కూర్చుంటే జడ్జీలు రౌండు అవతలివాళ్ళకి రాసేస్తారు. ముందు కాలి మునివేళ్ళ మీద తిరిగి, హుక్ వేస్తూ పక్కకి జారిపోవాలి. నిటారుగా వెనక్కి నడిస్తే మళ్ళీ తాడే తగులుతుంది.

అంబత్తూరు:
పరుల యూరి కేగి బరిలోన గెల్చిన
యూసికునకుఁ దాళ్ళ యూఁత యేల
యెవ్వ రనిరి యిట్టు లెఱుఁగక యాటను
తాళ్ళ నానుకొన్న వాళ్ళె జెట్లు?

మైలాపూరు:
ప్రశ్నగా తిప్పడం పాత కిటుకే అయినా చక్కగా ఒదిగింది. సంధులూ శుభ్రంగా ఉన్నాయి.

వ్యాసర్పాడి:
మొదటి పాదం అక్షరాలా నిజం. ఉక్రెయిన్ బాక్సర్ ఊసిక్ బ్రీడిస్‌ని రీగాలో, గాసియేవ్‌ని మాస్కోలో, బెల్యూని మాంచెస్టర్‌లో, జాషువాని లండన్‌లో, ఒక్కొక్కర్నీ వాళ్ళ గడ్డ మీదే ఓడించాడు. పరాయి ఊళ్ళో అటూ ఇటూగా ఉన్న రౌండు స్థానికుడికే పోతుంది, కాబట్టి ప్రతి రౌండూ తేటగా గెలవాలి. ఊసిక్ ఎడమచేతివాటం వాడు. తన ముందు కాలు అవతలివాడి ముందు కాలికి బయట పెట్టి ఎడమచెయ్యి వేస్తాడు.

రెండో పాదం మీదే నా పేచీ. 2024 మే 18న రియాద్‌లో బ్రిటిష్ బాక్సర్ ఫ్యూరీతో ఊసిక్ బౌట్, 9వ రౌండు. ఫ్యూరీ తూలిపోతుంటే తాళ్ళు పట్టి నిలిపాయి. తాళ్ళు లేకుంటే పడేవాడే అనిపిస్తే అది నాక్‌డౌన్ కిందే లెక్క, రిఫరీ లెక్కపెట్టాడు. జడ్జీల స్కోరు కార్డులు ఊసిక్ వైపు నుంచి 115-112, 113-114, 114-113. ఆ నాక్‌డౌన్ పాయింటు తీసేస్తే మూడో కార్డు 114-114, బౌట్ డ్రా. ఊసిక్‌కి తాళ్ళ ఊత అక్కర్లేదని ఎలా అంటాం?

అంబత్తూరు:
ఆనుకున్నది ఫ్యూరీ కదండీ, గెలిచింది ఊసిక్. సమస్య తప్పని చెప్పడానికి ఇంకో సాక్ష్యం ఇచ్చారు మీరు. 'యూఁత యేల' మార్చను.

మైలాపూరు:
మార్చక్కర్లేదు. కానీ ఆ 9వ రౌండుని ఎవరైనా విడిగా పూరించండి, ఆదివారం రాత్రి దాకా తెరిచే ఉంచుతాను.