విశాఖ నుంచి పర్లాకిమిడికి పార్సిల్: నౌపడలో బండి మార్పు ఎలా జరిగేది?

రైల్వే పార్సిల్ పాత పద్ధతులు తెలిసినవాళ్లు చెప్పగలరా? విశాఖలో ఫార్వర్డింగ్ నోటు (సరుకు వివరాల పత్రం) రాసి, తూకం వేయించి, మూటల మీద గమ్యం రాసి ఆర్‌ఆర్ (రైల్వే రసీదు) తీసుకోవడం వరకు స్పష్టమే. బ్రేక్‌వ్యాన్‌లో (గార్డు, పార్సిళ్లు ఉండే పెట్టెలో) నౌపడ దాకా ఇబ్బంది లేదు. చిక్కంతా అక్కడే.

నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా వెళ్లే గుణుపూర్ లైను 2004 దాకా 762 మి.మీ. న్యారోగేజ్ (పట్టాల మధ్య వెడల్పు తక్కువ) కాబట్టి ప్రతి మూటా దించి, చిన్న బండికి ఎక్కించాల్సిందే. అందులో చోటు చాలకపోతే సరుకు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయేదా? చేపల బుట్టలైతే ఒక్కరోజుకే పాడు. వాటికి ముందు వరస ఉండేదా?

విశాఖ ఆర్‌ఆర్ పర్లాకిమిడిలో నేరుగా చెల్లేదా, నౌపడలో మళ్లీ రాయించాలా? మార్పిడిలో మూట చిరిగితే రిమార్కు రాసేది గార్డా, పార్సిల్ గుమాస్తానా? పరిహారం అడగాలంటే ఆ కాగితమే కీలకం మరి. పాత ఆర్‌ఆర్ నమూనా ఉంటే దాని వెనకవైపు కూడా ఫోటో పెట్టండి.