65 శాతం ఆటిజం ఉన్న బాబుకి ఇంటి దగ్గర చదువు: ఏ నిబంధన వర్తిస్తుంది?

అమలాపురం దగ్గర ఉంటాం. బాబుకి పదేళ్ళు, ఆటిజం, సర్టిఫికెట్లో 65 శాతం. క్లాసులో గోల భరించలేడు. ఇంట్లో అయితే పావుగంట చొప్పున, మధ్యలో ఉయ్యాల విరామంతో, బొమ్మల కార్డుల మీద బాగా నేర్చుకుంటున్నాడు.

చిక్కు ఇక్కడ. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ఇంటి దగ్గర చదువు ఎంచుకునే హక్కుని బహుళ వైకల్యం, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకి ఇచ్చింది. తీవ్రం అంటే 80 శాతం, ఆపైన అని లెక్క. 2016 వికలాంగుల హక్కుల చట్టం 40 శాతం నుంచే 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య అంటుంది, కానీ దగ్గరి బడి లేదా ప్రత్యేక పాఠశాల అనే రాసింది, ఇల్లు అనే మాట లేదు. మా వాడు ఈ రెండింటి మధ్యా పడ్డాడు.

పేరు బడి రిజిస్టర్లోనే ఉంచి, భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) టీచరుగారిని ఇంటికి పంపించుకున్నవాళ్ళు కోనసీమలో ఉన్నారా? 80 లోపు శాతానికి ఒప్పుకున్నారా? దరఖాస్తు ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికా, హెడ్మాస్టరుగారికా?

లేదంటే ఎన్ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) వారి ఓబీఈలో, అంటే ఎనిమిదో తరగతి దాకా ఉండే ఓపెన్ చదువులో, చేర్చాలా? ఎ స్థాయి మూడో తరగతికి, బి అయిదుకి, సి ఎనిమిదికి సమానం, పదికి 14 ఏళ్ళు నిండాలి. అందులో చేరితే బడి నుంచి టీసీ తీసుకోవాల్సి వస్తుందా? తీసుకుంటే భవిత సేవలు ఆగిపోతాయా? అదే నా అసలు భయం. తెలిసినవారు దయచేసి చెప్పండి.